ముప్పై ఏడో మేకు

నా పేరు జ్యోతిలక్ష్మి. చంద్రపూర్ గోల్ బజారులో మాకు బట్టల దుకాణం ఉంది. తాతల కాలం నుంచి మా వాళ్లు చీరలు అమ్ముకుని బతికారు. నేను మాత్రం ఫారాలు నింపుకుని బతుకుతున్నాను. వరదలొచ్చినా, గుడిసెలు కాలినా జనాన్ని ఆదుకునే ఒక చిన్న సంస్థలో నా పని. ఫారం తయారు చేయడంలో నన్ను మించినవాళ్లు ఈ జిల్లాలో లేరని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని వదలగొట్టింది భీమయ్య కాకా. ఆయన సంగతి చెప్పాలంటే నేను చేసిన తప్పు కూడా చెప్పక తప్పదు. అందుకే ముందే ఒప్పుకుంటున్నాను, ఈ కథలో నేనేమంత తెలివైనదాన్ని కాను.

భీమయ్య కాకా లాల్‌పేట్ బొగ్గు బాయిల దగ్గర పుట్టి పెరిగాడు. ఆయన తండ్రి మంథని వైపు నుంచి కట్టుబట్టలతో వచ్చి బాయిలో దిగాడు. అక్కడ గనిని బాయి అనే అంటారు. కాకా కూడా దిగాల్సినవాడే. డాక్టరీ పరీక్షలో ఎడమ చెవి సరిగ్గా వినపడదని తేలడంతో ఆయన్ని కిందికి పంపకుండా పైన లాంపు రూములో వేశారు. ముప్పై ఎనిమిదేళ్లు అదే గదిలో, అదే కిటికీ వెనక పని చేసి రిటైరయ్యాడు.

ఆ రోజుల్లో కార్మికుల బస్తీలో బాయి దిగనోడు మొగోడి లెక్కలోకే వచ్చేవాడు కాదట. పెళ్లిళ్లలో భోజనాల బంతిలో కూర్చుంటే, "దీపాల భీమన్నకు ఇంకో గరిటె పప్పు పొయ్యండ్రి, పాపం నీడపట్టున పంజేసి అలిసిపోయిండు" అని ఎకసెక్కాలాడేవాళ్లు. కాకా నవ్వి ఊరుకునేవాడు. నేనైతే ఊరుకునేదాన్ని కాదు.

కానీ ఆ నవ్వినవాళ్లందరి ప్రాణం ఆయన కిటికీ దగ్గరే ఉండేది. బాయిలోకి దిగేవాడు తన నంబరు వేసిన ఇత్తడి టోకెన్ లాంపు రూములో ఇచ్చి, అదే నంబరు టోపీ లైటు తీసుకుంటాడు. కాకా ఆ టోకెన్‌ను కొక్కేనికి తగిలిస్తాడు. పని ముగించి పైకొచ్చినవాడు లైటు అప్పజెప్పి టోకెన్ తీసుకుపోతాడు. కొక్కేనికి టోకెన్ వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. అది ఆయన నేర్చుకున్న ఒకే ఒక్క చదువు. తన పాళీ, అంటే షిఫ్టు, అయిపోయినా చివరి కొక్కెం ఖాళీ అయ్యేదాకా ఇంటికి పోయేవాడు కాదు. ఇంట్లో ఆయన భార్య సమ్మక్క అన్నం వండి కూర్చునేది. అన్నం చల్లారిపోయేది, ఆమె కూడా తినేది కాదు. వాళ్లకు పిల్లలు కలగలేదు. "నీ పిల్లలంత గా కొక్కేలకే ఉన్నరు" అని దెప్పేదట.

ఒకసారి పాళీ ముగిసి రెండు గంటలైనా ఒక టోకెన్ మిగిలిపోయింది. ఎల్లన్న అనే బొగ్గు నింపే కార్మికుడిది. ఎక్కడో కూర్చుని నిద్రపోయుంటాడులే అని అందరూ తేలిగ్గా తీసుకున్నారు. కాకా, బాయి పని చూసే ఓవర్‌మన్ కాళ్లావేళ్లా పడి ఇద్దరు మనుషుల్ని కిందికి పంపించాడు. బొగ్గు తవ్వి వదిలేసిన పాత గ్యాలరీలో చీకట్లో కూర్చున్న ఎల్లన్నను వాళ్లు పైకి తీసుకొచ్చారు. దెబ్బలేమీ లేవు. ఓవర్‌మన్ తిట్లు లంకించుకున్నాడు. ఎల్లన్న లైటు తెచ్చి కాకా చేతిలో పెట్టాడు.

కాకా రెండు సంగతులు చూశాడు. పాళీ మొత్తం వెలిగిన లైటుకి బ్యాటరీ దిగిపోవాలి, ఎల్లన్న బ్యాటరీ నిండుగా ఉంది. అంటే మనిషి లైటు ఆర్పేసుకుని కూర్చున్నాడు. బొగ్గు పట్టిన ముఖం మీద కళ్ల కింద రెండు తెల్లటి చారలున్నాయి. వారం కింద ఎల్లన్న రెండేళ్ల బిడ్డ జ్వరంతో పోయింది. ఇంట్లో తల్లీ భార్యా ఏడుస్తుంటే వాళ్లను పట్టుకోవడమే సరిపోయింది ఆయనకి. తన ఏడుపు తాను ఏడవడానికి బాయి అడుగున జాగా వెతుక్కున్నాడు.

"లైటు ఖరాబైంది సాబ్, తొవ్వ దొరకలే" అని కాకా ఓవర్‌మన్‌కు అబద్ధం చెప్పాడు. ఎల్లన్నకు చెంబుతో నీళ్లిచ్చి, మొహం కడుక్కున్నాకే బయటికి పంపాడు. ఈ సంగతి ఆయన నాకు చెప్పింది ఎల్లన్న చనిపోయిన ఎన్నో ఏళ్లకి. అప్పటిదాకా సమ్మక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదట.

ఇక వరద సంగతి. ఆ ఏడు ఆషాఢంలో వర్ధా పొంగింది, ఇరై డ్యాం గేట్లు ఎత్తారు, నది ఒడ్డునున్న బస్తీలన్నీ రెండు రోజుల్లో మునిగాయి. ఒక బడిలో క్యాంపు పెట్టారు. జనాన్ని రాసుకునే బల్ల దగ్గర నేను కూర్చున్నాను, నా ఫారంతో.

నా ఫారం గురించి చెప్పాలి. కుటుంబానికో కార్డు, అది ఇంటి ఆడమనిషి పేరు మీద. కింద పిల్లల సంఖ్య, గర్భిణులు, బాలింతలు. అంతే. మగవాళ్లకి గడి లేదు. అంతకుముందు వరదలో సామాన్లు మగవాళ్ల చేతికిస్తే నలుగురైదుగురు సాయంత్రానికల్లా అమ్ముకుని తాగారు. అది నా కళ్లారా చూశాను, అబద్ధం కాదు. అందుకే సామాను ఆడవాళ్ల చేతికే ఇవ్వాలనుకున్నాను, అది ఇప్పటికీ తప్పనుకోను. కానీ ఆ నలుగురి పాపం మిగతా మగవాళ్లందరి నెత్తిన రుద్ది, వాళ్ల లెక్కే తీసేశాను. ఇచ్చే సంచిలో రెండు చీరలు, పిల్లల బట్టలు, సబ్బులు, నెలసరి ప్యాడ్లు, పాలపొడి, గిన్నెలు. చీరలు మా నాన్న దుకాణంలో ఏళ్లుగా అమ్ముడుపోని రకం. ఎలాగూ పోనివి, పుణ్యమైనా వస్తుందని ఆయన సంతోషంగా ఇచ్చాడు.

రిటైరయ్యాక కాకా నది దగ్గర రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాడు. అదీ మునిగింది. మోకాళ్ల దాకా తడిసిన పంచెతో నా బల్ల ముందు నిలబడ్డాడు. అదే మా మొదటి పరిచయం.

"ఇంట్ల ఆడమనిషి పేరు చెప్పు కాకా."

"సమ్మక్క."

"ఎక్కడుంది? పిలువు, ఏలిముద్ర వెయ్యాలె."

"లేదు బిడ్డా. మూడేండ్లాయె పోయి."

ఆయన వెనక నలభై మంది నిలబడి ఉన్నారు. నాకు విసుగొచ్చింది. "ఆడమనిషి పేరు లేకుంటే కార్డు కాదు కాకా" అన్నాను.

"అయితే ఆమె పేరే రాసుకో. బతికున్నన్నొద్దులు ఆమె పేరు మీద సర్కారు కాయితం ఒక్కటి రాలె. ఇప్పుడన్న రానీ."

నేను రాసేశాను. చనిపోయిన సమ్మక్క పేరు మీద కార్డు, బతికున్న భీమయ్యకు వేలిముద్ర పెట్టడానికి కూడా చోటు లేదు. అప్పుడది నాకు వింతగా కూడా అనిపించలేదు. సంచి ఇచ్చి పంపించాను.

మర్నాడు పొద్దున్నే ఆయన ప్యాడ్లు, పాలపొడి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఇవి కావాల్సినోళ్లకియ్యి" అన్నాడు. చీరలు మాత్రం సమ్మక్క పేరు మీద వచ్చాయి కదా అని ఉంచుకున్నాడు. తర్వాత అడిగాడు, "బిడ్డా, ఈడ మొగోళ్లెంతమంది ఉన్నరు?"

"కుటుంబాలు నూటపన్నెండు కాకా."

"గా లెక్క కాదు. మొగోళ్లెంతమంది?"

ఫారం అటూ ఇటూ తిప్పాను, ఆ అంకె అందులో లేదు. గదుల్లో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. మగవాళ్లు వరండాలో, ఆవరణలోని రేకుల షెడ్డులో పడుకుంటున్నారు. బొగ్గు డిపోలో లోడింగు చేసే వలస కూలీలు ఓ నలభై మంది పెళ్లాం పిల్లలు లేకుండా వచ్చారు. వాళ్లకి కార్డే లేదు. పొద్దున్నే మగవాళ్లంతా ఎక్కడెక్కడికో పోతున్నారు. కొందరు మునిగిన ఇళ్లకు కాపలాకి, కొందరు బర్రెల కోసం, కొందరు ఊరికే గేటు బయట టీ కొట్టు దగ్గరికి. అన్నం వేళకి లైన్లో నిలబడేవాడు ఒక్కడూ లేడు. అడిగితే తిన్నామంటారు.

"దిగినోళ్లెంతమందో తెల్వకుంటే ఎక్కినోళ్లెంతమందో ఎట్ల తెలుస్తది?" అన్నాడు కాకా.

"మగవాళ్లకేం కాకా, వాళ్లకి వాళ్లే చూసుకుంటారు. కావాలంటే వచ్చి అడుగుతారు."

"అడగందే అమ్మయినా పెట్టదంటరు. మొగోడేమో అడగడు. మరి వానికెవలు పెట్టాలె?"

నాకు కోపం వచ్చింది. నా ఫారాన్ని ఒక ముసలాయన తప్పు పట్టడం నచ్చలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు ఇంకో పది మాటలు వాదించి పంపేశాను. ఆయన వాదించలేదు. బడి ప్యూన్ దగ్గరికి పోయి విరిగిపోయిన బెంచీ పలక ఒకటి, సుత్తి, గుప్పెడు మేకులు అడిగి తెచ్చుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా గేటు పక్కన గోడకి ఆ పలక నిలబడింది, వరుసగా మేకులతో. టీ కొట్టు దగ్గర పారేసిన సోడా మూతలు ఏరుకొచ్చి, రాయితో చదును చేసి, ఒక్కోదానికి చిల్లు పెట్టాడు. నంబర్లు వేయడానికి రంగు లేదు. క్యాంపులో ఈరమ్మ అని ఒకామె ఉండేది, కూరగాయల బండి మనిషి, గొంతు విప్పితే బజారు చివరికి వినపడుతుంది. ఆమె కూతురి గోళ్ల రంగు సీసా ఇచ్చింది. ఎర్రటి రంగుతో ఒకటి నుంచి నూటముప్పై ఏడు దాకా నంబర్లు పడ్డాయి. క్యాంపులో మగవాళ్లెంతమందో మొదటిసారి అలా తెలిసింది. లెక్క వేసింది నేను కాదు.

పద్ధతి లాంపు రూముదే. గేటు దాటి బయటికి పోయేవాడు తన మూత మేకుకు తగిలించాలి, తిరిగొచ్చాక తీసుకోవాలి. ఎక్కడికి, ఎందుకు అని అడగడు. సంతకాలు లేవు.

మొదట ఎవడూ ముట్టుకోలేదు. ఒక కుర్రాడు నవ్వాడు. "ఏంది కాకా, మేమేమన్న బర్లమా, బిళ్లలు గట్టనీకి?"

"బర్రె తప్పిపోతే సాయంత్రం దాక బస్తీ అంత దేవులాడుతరు" అన్నాడు కాకా నింపాదిగా. "నువ్ తప్పిపోతే ఎవలు దేవులాడుతరు?"

వాడి నవ్వు ఆగిపోయింది. చెయ్యి చాచాడు. వాడి వెనక ఇంకొకడు, తర్వాత ఇంకొకడు. సాయంత్రం తిరిగొచ్చి మూత తీసుకునేవాడికి కాకా అన్నం పళ్లెం కూడా చేతిలో పెట్టేవాడు. లైన్లో నిలబడని మగాళ్లు గేటు దగ్గర బుద్ధిగా తిన్నారు. ఆ రోజు మా వంటవాళ్లు రెండోసారి అన్నం వండాల్సి వచ్చింది. అప్పటికి రెండు రోజులుగా వాళ్లంతా పస్తులున్నారన్న సంగతి అలా బయటపడింది.

నాలుగో రోజు మధ్యాహ్నం మైకులో చెప్పారు, డ్యాం నుంచి ఇంకా నీళ్లు వదులుతున్నారని, రాత్రికి నది మరో మూడు నాలుగడుగులు పెరుగుతుందని, ఐదు గంటలకల్లా అందరూ క్యాంపుకి రావాలని. వచ్చారు. మేకులు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. ఐదున్నరకి పలక మీద ఒక్క మూత మిగిలింది. ముప్పై ఏడు.

కాకా స్టూలు మీద కూర్చుని ఆ మూతను చూస్తున్నాడు. "రా కాకా, తిందువు గాని" అన్నాను.

"టోకెన్ కొక్కేనికుంది బిడ్డా" అన్నాడు. మేకుల్ని ఆయన కొక్కేలనే అనేవాడు.

ముప్పై ఏడో నంబరు ప్రేమ్ అనే కుర్రాడిది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన లోడింగు కూలీ, ఇరవై నాలుగేళ్లుంటాయి. వాడి గదిలో ఉండేవాడిని పిలిచి అడిగితే అసలు సంగతి చెప్పాడు. ప్రేమ్‌కి ఒంటి మీద ఉన్నది ఒక్కటే ప్యాంటు. నాలుగు రోజులుగా తడిదే తొడుక్కుని తిరుగుతున్నాడు, తొడలు ఒరుసుకుపోయి నడవలేకపోతున్నాడు. ఆరబెట్టుకుందామంటే ఇంతమంది ఆడవాళ్ల మధ్య తువ్వాలతో ఎలా తిరుగుతాడు? గదిలో అటక మీద ఇంకో రెండు ప్యాంట్లున్నాయని పొద్దున్నే బయల్దేరాడు.

ఆ కుర్రాడు రెండు రోజుల కింద నా బల్ల దగ్గరికొచ్చాడు. బట్టలేమైనా ఉన్నాయా దీదీ అని అడిగాడు. తల కూడా ఎత్తకుండా, "చీరలున్నాయి, కావాలా?" అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. వాడూ నవ్వుతూ వెళ్లిపోయాడు. అడగని మగాళ్లలో అడిగినవాడు వాడొక్కడే. వాడికి నేను చెప్పిన జవాబు అది.

గేటు ముందే పడవల పని చూసే ఆఫీసరు జీపు ఉంది. నేనూ కాకా పరుగెత్తాం. డిపో వెనకనున్న కూలీల గదుల వైపు పడవ పంపమన్నాం.

"ఇప్పుడే ఆ వైపు నుంచే వచ్చారమ్మా మా వాళ్లు" అన్నాడాయన మరాఠీలో, అలసిపోయిన గొంతుతో. "ఆడవాళ్లు, పిల్లలు ఎవరైనా ఉన్నారా అని కేకేశారు. ఎవరూ లేరని చెప్పారు."

కాకా వినపడే చెవి ఆయన వైపు తిప్పాడు. "ఎవలూ లేరని ఎవలు చెప్పిండ్రు సాబ్?"

"ఎవరో ఒకతను. మిద్దె మీంచి."

"మరి ఆయనెవలు?"

పక్కనే నిలబడ్డ పడవ నడిపేవాడు తల దించుకున్నాడు. ఆ ప్రశ్న వాళ్లకి తట్టలేదు. నాకూ తట్టేది కాదు. మనిషి కళ్ల ముందు నిలబడి మాట్లాడితే, ఎవరూ లేరన్న మాట పట్టుకుని పడవ తిప్పుకుని వచ్చేశారు.

చెడ్డవాడు కాదు ఆయన. పడవలు రెండే ఉన్నాయి, వెలుతురు తగ్గుతోంది, పెరుగుతున్న నీళ్లలోకి మనుషుల్ని పంపాలంటే కాగితం మీద పేరుండాలి. "క్యాంపు జాబితాలో ఉన్నాడా? ఏ కుటుంబం కార్డు?" అని అడిగాడు.

జాబితా నా చేతిలోనే ఉంది. అందులో ప్రేమ్ లేడు. ఉండటానికి నేను చోటే పెట్టలేదు.

"సమ్మక్క కార్డు" అన్నాడు కాకా.

నేను కాగితాలు తిరగేశాను. సమ్మక్క పేరు కింద గీతల్లో ఖాళీ ఉంది.

"ఏమవుతాడు?" అన్నాడు ఆఫీసరు.

"కొడుకు."

రాశాను. నా ఉద్యోగంలో తెలిసి రాసిన మొదటి అబద్ధం అది. అంతకన్నా నిజమైన అక్షరం ఆ ఫారంలో ఇంకోటి లేదని ఇప్పటికీ అంటాను. ఆఫీసరు ఆ పేరు చూశాడు, కాకా మొహం చూశాడు, పడవ నడిపేవాడికి సైగ చేశాడు.

ముప్పావుగంట పట్టింది. కాకా స్టూలు మీంచి లేవలేదు. షెడ్డులోంచి, వరండాలోంచి మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. ఈరమ్మ సైతం గొంతు తగ్గించింది.

చీకటి పడకముందే వచ్చారు. నీళ్లలో రేకు కోసుకున్న కాలికి గుడ్డ కట్టుకుని, పడవవాడి భుజం పట్టుకుని కుంటుతూ వచ్చాడు ప్రేమ్. చంకలో తడిసి ముద్దయిన రెండు ప్యాంట్లున్నాయి. మిద్దె అంచుకి జానెడు దూరం దాకా వచ్చేశాయట నీళ్లు. పడవ రెండోసారి వచ్చినప్పుడు కూడా ఆ పిచ్చివాడు, ఇక్కడ ఆడవాళ్లెవరూ లేరు, ముందు వేరే వైపు చూడండి అని చెయ్యి ఊపాడట.

కాకా పలక వైపు చెయ్యి చూపించాడు. ప్రేమ్ కుంటుకుంటూ పోయి ముప్పై ఏడో మేకు మీంచి మూత తీసుకున్నాడు.

అప్పుడు చూడాలి ఆ బడి ఆవరణ. నూటముప్పై ఆరు మంది మగాళ్లు ఈలలు వేశారు, పళ్లేలు వాయించారు. వరండాలోంచి ఆడవాళ్లు, కిటికీల్లోంచి పిల్లలు అరిచారు. ఖాళీ పలక చూసి జనం అంత సంబరపడటం నేనెక్కడా చూడలేదు. నేను ఏడ్చాను, దాచుకోలేదు కూడా.

ప్రేమ్‌కి మాత్రం అర్థం కాలేదు. కాకా ముందు నిలబడి హిందీలో అడిగాడు, నేను చెప్పాను కదా అక్కడెవరూ లేరని, మళ్లీ ఎందుకొచ్చారు?

కాకా తన లాల్‌పేట్ హిందీలో, "తూ థా నా" అన్నాడు. నువ్వున్నావు కదా, అని.

ఆ కుర్రాడు అక్కడికక్కడే కూలబడి ఏడ్చాడు. భుజాలు ఎగిరెగిరి పడేలా, అందరి ముందూ. ఎవడో, కాలి నొప్పికి ఏడుస్తున్నాడని సర్దిచెప్పబోయాడు. ఎల్లన్న కోసం అబద్ధం చెప్పిన కాకా ఈసారి చెప్పలేదు. "ఏడ్వనియ్యుండ్రి" అన్నాడు అంతే. తర్వాత సమ్మక్క పేరు మీద వచ్చిన చీర తెచ్చి, మధ్యకు చింపి, ఒక ముక్క వాడి నడుముకు చుట్టి, తడి ప్యాంటు విడవమన్నాడు. మామిడి పిందెల అంచున్న పచ్చ చీర అది. ఒక్కడూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఈరమ్మ కత్తెర పట్టుకుని వరండా మధ్యలో కూర్చుంది. "ఆరు గజాల చీరల మూడు లుంగీలైతయి. ఆడోళ్లంత తలా ఒకటి తెండ్రి. మీ మొగోళ్లు తడిబట్టల మీద ఉంటే జరాలొస్తయి, పని పడేది మీకే" అంది. చీరలు వచ్చి పడ్డాయి. కట్టుకోవడానికి మాత్రం మగాళ్లు బిగుసుకుపోయారు. కాకా లేచాడు. ఊదారంగు మీద పసుప్పచ్చ పూలున్న లుంగీ ఒకటి ఏరి కట్టుకుని, గేటు దాకా, అక్కణ్నుంచి టీ కొట్టు దాకా, చేతులు వెనక కట్టుకుని నడిచి, టీ తాగి వచ్చాడు. జీవితమంతా దీపాల భీమన్న అనిపించుకున్న మనిషికి పూల లుంగీ ఒక లెక్కా! మధ్యాహ్నానికల్లా క్యాంపంతా పూలతోటయింది. మా నాన్న చీరలు అంత అందంగా ఎప్పుడూ కనబడలేదు.

ఆ రోజే నాన్నకి ఫోన్ చేశాను. "లుంగీలు, చొక్కాలు పంపు నాన్నా. గడ్డం గీసుకునే సామాన్లు కూడా."

"చీరలకు బదులా?"

"చీరలతో పాటు."

స్కేలు పెట్టి ఫారంలో ఇంకో గడి గీశాను. పురుషులు అని రాశాను. నూటముప్పై ఏడు పేర్లూ ఎక్కించాను. మరుసటి ఏడు ఆ గడి అచ్చులోనే వచ్చింది. ఈ మధ్య మాజ్రి వైపు ఒక క్యాంపుకి పోతే గేటు పక్కన మేకుల పలక కనిపించింది. ఎవరు నేర్పారని అడిగితే, చంద్రపూర్‌లో అట్లనే చేస్తారట అన్నారు. లాల్‌పేట్ లాంపు రూము పద్ధతి అని వాళ్లకి తెలియదు. నేను కూర్చుని చెప్పి వచ్చాను.

తొమ్మిదో రోజు నీళ్లు తీశాయి. ఆ పొద్దున ప్రేమ్ ఇంకో సోడా మూత చదును చేసి తెచ్చాడు. దాని మీద నూటముప్పై ఎనిమిది. అప్పటిదాకా మా ఎవరికీ తట్టలేదు, అందరి టోకెన్లు చూసుకునే మనిషికి టోకెన్ లేదు. లాంపు రూములో కూడా ఆయనకెప్పుడూ లేదట, దిగనివాడికెందుకని. ప్రేమ్ పలక చివర్న ఇంకో మేకు కొట్టాడు. కాకా ఆ మూతను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, మేకుకు తగిలించాడు, ఇల్లు చూసుకొస్తానని బయల్దేరాడు.

సాయంత్రం అయిదయింది, ఆరయింది. కుటుంబాలు సామాన్లు సర్దుకుంటున్నాయి, క్యాంపు సగం ఖాళీ అయింది. కాకా రాలేదు. ఫోన్ చేస్తే కలవలేదు. నేను స్టూలు లాక్కుని గేటు దగ్గర కూర్చున్నాను. నాన్న ఫోన్ చేసి ఇంటికెప్పుడొస్తావని అడిగాడు, రానన్నాను. ఈరమ్మ అన్నం పళ్లెం తెచ్చింది, పక్కన పెట్టించాను. ప్రేమ్ కుంటి కాలుతో నా పక్కనే నిలబడ్డాడు. పలక మీద మిగతా మేకులన్నీ ఖాళీగా ఉన్నాయి.

ఏడు దాటాక వచ్చాడు, మోకాళ్ల దాకా బురదతో, చేతిలో చీపురుకట్టతో. ఇల్లంతా తుడుచుకుంటూ పొద్దు మర్చిపోయాడట. నన్ను చూశాడు, కప్పి పెట్టిన పళ్లేన్ని చూశాడు.

"ఏంది బిడ్డా, ఇంటికి పోలేదా? తినకుంట ఈడ కూసున్నవేంది?"

"టోకెన్ కొక్కేనికుంది కాకా" అన్నాను.

ఆయన చీపురు గోడకి ఆనించి, పంచె కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు.

"సమ్మక్క పోయినంక నా కోసం ఎవలు తినకుంట కూసోలె" అన్నాడు.

తర్వాత పలక దగ్గరికి పోయి తన మూత తీసుకుని, చొక్కా జేబులో వేసుకున్నాడు. ప్రేమ్‌ని భుజం మీద చెయ్యేసి పిలిచాడు, నా పళ్లెం తనే అందుకున్నాడు.

"పాండ్రి, తిందాం."